కాలితో నొక్కితే స్వరం మారే గిటారు

మీ బడి ప్రయోగశాలలో సోనోమీటరు చూసే ఉంటారు. ఒక పొడవాటి చెక్కపెట్టె, దాని మీద బిగించిన ఉక్కు తీగ, కప్పీ మీదుగా వేలాడే బరువులు - ఇంతే గదా! ఆ పెట్టె మీద ఒక తీగకు బదులు పది తీగలు బిగించి, బరువులకు బదులు కాలితో నొక్కే పెడళ్లు పెట్టారనుకోండి. అదే పెడల్ స్టీల్ గిటారు. ఇక్కడ నస్పూర్‌లో నేనూ నా విద్యార్థులూ కలిసి అలాంటి దాన్ని చిన్న ఎత్తున తయారుచేశాం. అందులో మేం చేసిన పొరపాట్లు కూడా మీకు పనికివస్తాయని ఈ వ్యాసం రాస్తున్నాను.

స్టీలు ఎక్కడుంది?

ఈ గిటారు స్టీలుతో చేసింది కాదు. ఎడమచేతిలో పట్టుకుని తీగల మీద జార్చే నున్నటి ఉక్కు కడ్డీ వల్ల దానికి ఆ పేరు వచ్చింది. మన కర్ణాటక సంగీతంలోని గొట్టువాద్యం మీకు తెలుసు. అందులోనూ మెట్లు ఉండవు, చెక్క ముక్కను తీగల మీద జారుస్తూ వాయిస్తారు. హవాయి దీవులలో జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు 1880ల చివర్లో గిటారును ఇలా ఉక్కుతో వాయించే పద్ధతిని రూపొందించాడంటారు. ఆ హవాయి గిటారు మన దేశానికీ వచ్చింది. దాన్ని మార్చి మోహనవీణగా చేసుకున్న విశ్వమోహన్ భట్ 1994లో గ్రామీ పురస్కారం అందుకున్నారు.

అయితే కడ్డీకి ఒక ఇబ్బంది ఉంది. అది తిన్నగా ఉంటుంది. దాన్ని రెండు మెట్లు పైకి జరిపితే అన్ని తీగల స్వరాలూ రెండేసి మెట్లు పెరుగుతాయి. ఒక్క తీగను మాత్రమే పెంచాలంటే ఎలా? దీనికి జవాబే పెడల్. 1954లో అమెరికాలో పేరుపొందిన ఒక పాటలో బడ్ ఐజాక్స్ అనే వాద్యకారుడు, తీగ మోగుతూ ఉండగానే పెడల్ నొక్కి స్వరం మార్చాడు. అప్పటినుండి ఆ పద్ధతి బాగా వ్యాపించింది.

బరువులు చెప్పే సూత్రం

1636లో మెర్సెన్ అనే ఫ్రెంచి పండితుడు తీగల నియమాలను ప్రకటించాడు. తీగ పొడవు తగ్గితే పౌనఃపున్యం పెరుగుతుంది. తీగ మందమైతే తగ్గుతుంది. బిగువు, అంటే తన్యత, పెరిగితే దాని వర్గమూలానికి అనులోమంగా పౌనఃపున్యం పెరుగుతుంది. మన గిటారులో మందం తీగను ఎంచుకున్నప్పుడే నిర్ణయమైపోతుంది. పొడవును కడ్డీ మారుస్తుంది. బిగువును పెడల్ మారుస్తుంది.

సోనోమీటరుతో ఒక ప్రయోగం చేయండి. కొక్కెం బరువుతో కలిపి 4 కిలోలు వేలాడదీసి తీగను మీటండి. ఆ ధ్వనిని 'స' అనుకోండి. ఇంకో అరకిలో వేయండి. 4.5ను 4తో భాగిస్తే 1.125, దాని వర్గమూలం సుమారు 1.06. ఇది దాదాపు ఒక మెట్టు, అంటే హార్మోనియం మీద పక్కనున్న కట్ట. మొత్తం 5 కిలోలు చేస్తే సుమారు 1.12. ఇది రెండు మెట్లు, చతుశ్రుతి రిషభం అన్నమాట. అరకిలోకు ఒక మెట్టు, కిలోకు రెండు మెట్లు! పొడవు ఏమాత్రం మారలేదు సుమా.

ఇప్పుడు మూడు తీగలను శంకరాభరణం స్వరాలలో 'స, గ, ప' లకు శ్రుతి చేశామనుకోండి. మొదటి పెడల్ 'ప'ను రెండు మెట్లు పెంచి 'ద' చేస్తుంది. రెండవది 'గ'ను ఒక మెట్టు పెంచి 'మ' చేస్తుంది. రెండూ నొక్కితే 'స, గ, ప' కాస్తా 'స, మ, ద' అవుతుంది. కడ్డీ అంగుళమైనా కదలలేదు, స్వరమేళం మాత్రం మారిపోయింది. పది తీగల అసలు గిటారులోనూ మొదటి రెండు పెడళ్లు సాధారణంగా చేసే పని ఇదే.

మేం చేసిన వాద్యం

ఒక పలక మీద 60 సెంటీమీటర్ల దూరంలో రెండు ఆధారాలు బిగించి, మూడు గిటారు తీగలు లాగాం. పెడళ్లు కావలసిన రెండు తీగల చివరలను మేకులకు కట్టలేదు. ఎల్ ఆకారంలో వంచిన ఇనుప పట్టీని బోల్టు చుట్టూ తిరిగేలా అమర్చి, దాని పొట్టి చేతికి తీగను, పొడవాటి చేతికి సైకిలు బ్రేకు తీగను కట్టాం. బ్రేకు తీగ రెండో కొస కింద ఉన్న చెక్క పెడల్‌కు. కాలు తీయగానే తీగ బిగువే పట్టీని వెనక్కి లాగేస్తుంది. స్కూటరు మెకానిక్ ఇచ్చిన పాత పిస్టన్ పిన్ను మాకు కడ్డీ అయింది.

పెడల్ నొక్కాం. 'ప' పెరిగింది. కాని పక్కనున్న 'స' దిగిపోయింది!

"ఒక్క తీగ గుంజితే పక్క తీగ ఎందుకు దిగుతున్నది సార్?" అన్నాడొక అబ్బాయి. నేను మేకులు వదులయ్యాయేమోనని వెతుకుతున్నాను. ఇంతలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె స్కేలు అంచును పలక మీద ఆనించి చూసింది. నడుమ సన్నటి సందులోంచి వెలుతురు కనబడింది. పెడల్ నొక్కితే సందు మరికాస్త పెరిగింది. "పలక వంగుతున్నది సార్" అంది. వాళ్ల నాన్న శ్రీరాంపూర్ గనిలో పనిచేస్తారు. పైకప్పు బరువుకు దిమ్మెలు వంగడం గురించి ఆయన ఇంట్లో చెబుతూ ఉంటారట. నిజమే. పలక వంగితే ఆధారాలు దగ్గరవుతాయి, మిగతా తీగలు సడలుతాయి. మా పలక పాత పెట్టె తాలూకు మామిడి చెక్క. దాన్ని తీసేసి మందపాటి టేకు పలక వేసి, అడుగున ఇనుప యాంగిల్ బిగించాం. 'స' కుదురుకుంది. అసలు గిటారులో పది తీగలూ కలిసి నూరు కిలోలకు మించిన బలంతో లాగుతాయి. అక్కడ కూడా ఈ దోషం కొద్దిగా ఉండనే ఉంటుంది.

రెండో పొరపాటు పూర్తిగా నాదే. త్వరగా ముగించాలని ఒకేరోజు పట్టీ పొడవూ మార్చాను, మరలూ మార్చాను. పెడల్ ఎంతవరకు లాగుతుందో చూసుకోకుండా నొక్కాను. తీగ టప్పున తెగి ఒక పిల్లవాడి చెంప మీద గీరింది. ఇంకో రెండంగుళాలు పైకైతే కన్ను. ఆనాటి నుండి కళ్లద్దాలు లేకుండా ఎవరినీ దాని దగ్గరికి రానివ్వడం లేదు, నాతో సహా.

శ్రుతి చేసే వరుస

కొత్తగా అమర్చేవారు ఈ వరుస తప్పకూడదు. ముందు పెడళ్లు వదిలేసి అన్ని తీగలనూ బిరడాలతో శ్రుతి చేయాలి. తర్వాత ఒక్కొక్క పెడల్ నొక్కి, పట్టీ ఎక్కడ ఆగాలో చెప్పే మరను తిప్పి పెరిగిన స్వరాన్ని సరిచేయాలి. అసలు గిటారులో ఈ పనిని కుడి కొసన ఉండే చిన్న నైలాన్ నట్లు చేస్తాయి. నట్టు మరీ బిగిస్తే కాలు తీసినా స్వరం పూర్తిగా దిగిరాదు. తర్వాత మళ్లీ బిరడా తిప్పితే పెడల్ స్వరం కూడా చెడుతుంది. అందుకే వరుస ముఖ్యం.

కడ్డీని గీతల మధ్య కాక, సరిగ్గా గీత మీదే ఉంచాలి. 60 సెంటీమీటర్ల తీగకు 5వ గీత సుమారు 15, 7వది సుమారు 20, 12వది సరిగ్గా 30 సెంటీమీటర్ల దగ్గర వస్తాయి. పక్కనుంచి చూస్తే దృష్టి విక్షేప దోషం వల్ల అపశ్రుతి పలుకుతుంది. స్కేలు చదివేటట్లే కన్ను నిట్టనిలువుగా పైన ఉండాలి.

ఏదైనా మార్చదలిస్తే ఒకసారి ఒక్కటే మార్చండి. ఫలితం రాసుకోండి. అప్పుడే ఏ మార్పు ఏం చేసిందో తెలుస్తుంది.

చివరగా మీకొక లెక్క. 4 కిలోలతో 'స' పలికే తీగ, పొడవు మార్చకుండా, ఒకటిన్నర రెట్ల పౌనఃపున్యం గల 'ప' పలకాలంటే ఎంత బరువు కావాలి? ఒకటిన్నర వర్గం 2.25. కాబట్టి 9 కిలోలు! లెక్క కాగితం మీదే చేయండి, తీగ మీద వద్దు. పెడల్ ఒక్కో తీగను ఒకటి రెండు మెట్లే ఎందుకు పెంచుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు గదూ?