కోల్‌కతా - అగర్తల: ఆకాశంలో దూరం, నేలమీద దూరం

కోల్‌కతాలోని నేతాజీ సుభాష్ చంద్రబోస్ విమానాశ్రయానికీ, త్రిపుర రాజధాని అగర్తలలోని మహారాజా బీర్ బిక్రమ్ విమానాశ్రయానికీ నడుమ దూరం సుమారు 317 కిలోమీటర్లు. ఇది భూగోళంపై రెండు స్థలాలను కలిపే మహావృత్తపు చాపం వెంట లెక్కించిన దూరం. గ్లోబుపై ఈ రెండు నగరాల మధ్య ఒక దారాన్ని బిగించి పట్టుకుంటే అది నిలిచే మార్గమే ఆ చాపం. అంతకంటె దగ్గరి దారి లేదు.

గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పయనించే జెట్ విమానం ఈ దూరాన్ని 24 నిమిషాలలో దాటాలి. కాని కాలపట్టికలలో ఈ ప్రయాణానికి దాదాపు గంట చూపుతారు. విమానం నేలను విడిచిన క్షణం నుండి కాక, నిలిచి ఉన్న చోటి నుండి కదలినప్పటి నుండి కాలాన్ని లెక్కించడమే ఇందుకు మొదటి కారణం. దిగిన తరువాత మళ్ళీ నిలిచేదాకా ఆ లెక్క సాగుతుంది. రన్‌వేను చేరడానికీ, వంతు కోసం వేచి ఉండడానికీ కొంతకాలం పోతుంది. పైకి ఎగబ్రాకడంలోను, దిగడానికి వేగం తగ్గించుకోవడంలోను మార్గంలో చాలాభాగం గడచిపోతుంది. ఇంత చిన్న ప్రయాణంలో పూర్తి వేగంతో సాగే వ్యవధి బహుస్వల్పం.

అగర్తల కోల్‌కతాకు దాదాపు 2.8 డిగ్రీలు తూర్పున ఉన్నది. కనుక సూర్యుడు అక్కడ సుమారు 11 నిమిషాలు ముందుగా నడినెత్తికి వస్తాడు. నేరుమార్గంలో అధికభాగం బంగ్లాదేశ్‌పై పడుతుంది. ఆ దేశపు గడియారం మన గడియారం కంటె అరగంట ముందుంటుంది. అయినా ప్రయాణికుడు తన చేతిగడియారాన్ని ముట్టుకోనక్కరలేదు!

అయితే పరదేశపు ఆకాశం అందరిదీ కాదు. ప్రతి దేశానికీ తన గగనతలంపై పూర్తి సార్వభౌమాధికారం ఉన్నదని 1944 నాటి షికాగో ఒడంబడిక గుర్తించింది. అనుమతి లేకుంటే ఏమవుతుందో 1971లో తెలిసివచ్చింది. ఆ ఏడు జనవరి 30న శ్రీనగర్ నుండి జమ్మూకు బయలుదేరిన 'గంగ' అనే భారత విమానాన్ని దుండగులు లాహోరుకు మళ్ళించారు. తరువాత దానిని దగ్ధం చేశారు. ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం పాకిస్తాన్ విమానాలకు మన గగనతలాన్ని నిషేధించింది. ఫలితంగా కరాచీ నుండి ఢాకాకు వెళ్ళే విమానాలు శ్రీలంకను చుట్టి పోవలసి వచ్చింది.

అగర్తల ప్రజలకు ఇటువంటి చుట్టుదారి నేలమీద ఏర్పడింది. దేశవిభజనకు పూర్వం వారు చేరువలోని అఖౌరా స్టేషనులో రైలెక్కి, చాంద్‌పూర్ నుండి గోవాలందోకు స్టీమరుపై నది దాటి, తిరిగి రైలులో కలకత్తా చేరేవారు. 1947 తరువాత అఖౌరా పరదేశమైంది. అగర్తలకు మన భూభాగం మీదుగా మీటర్‌గేజి రైలు చేరేసరికి 2008 వచ్చింది. బ్రాడ్‌గేజి రైలు 2016లో వచ్చింది. గౌహతి, సిలిగురి ప్రాంతాలను చుట్టివచ్చే ఈ మార్గం పదిహేనువందల కిలోమీటర్లు మించుతుంది. ప్రయాణానికి ఒకటిన్నర రోజు పడుతుంది. కోల్‌కతాలో వైద్యం చేయించుకోవలసిన రోగికి ఈ వ్యవధి ఎంత దీర్ఘమో వేరుగా చెప్పనక్కరలేదు. ఇతరచోట్ల భోగమనిపించే విమానయానం త్రిపురలో సామాన్యునికి సైతం అవసరమైనది ఇందుకే.

2023 నవంబరు 1న అగర్తల - అఖౌరా రైలుమార్గానికి ప్రారంభోత్సవం జరిగింది. ఆ దారిన బంగ్లాదేశ్ గుండా రైళ్ళు నడిస్తే కోల్‌కతాకు దూరం మూడింట ఒకవంతుకు దగ్గరగా వస్తుంది. ఇక్కడ కూడ, గగనతలంలో వలెనే, పొరుగుదేశపు సమ్మతి కావాలి.