ఇంగ్లీషు హల్లులకు తెలుగు తాళపుచెవి

పడమరను చెప్పే ఇంగ్లీషు మాటను తెలుగులో వ్రాసి చూడండి: వెస్ట్. చొక్కా లోపల తొడిగే బనియనుకు చెల్లే మరొక ఇంగ్లీషు మాటను వ్రాయండి: అదీ వెస్ట్. ఇంగ్లీషువాని చెవికి ఇవి రెండు మాటలు. మన లిపికి ఒక్కటే. మొదటిది ‘డబ్ల్యూ’తోను, రెండవది ‘వీ’తోను మొదలవుతుందని బాలుడు వ్రాతలో నేర్చుకొంటాడు. పలుకవలసి వచ్చినప్పుడు మాత్రం రెండింటికీ తన ఇంటి వకారమే వాడుతాడు. తప్పు నాలుకదని మనం గద్దిస్తాము. నిజానికి అది చెవితో మొదలైన చిక్కు.

ఈ సంగతి పరిశోధకులు పరీక్షించి చూచినదే. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు కెనడాలో ఇంగ్లీషు కుటుంబాల పసిపిల్లలకు హిందీలోని త, ట ధ్వనులను వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల శిశువులు చాలమంది ఆ భేదాన్ని గుర్తించారు. ఏడాది నిండవచ్చేసరికి గుర్తించినవారు అరుదయ్యారు. ఇంట వినబడని భేదాన్ని చెవి వదలిపెట్టిందన్నమాట. మన ఒకటవ తరగతి బిడ్డ ‘తాత’, ‘టాటా’ అని అవలీలగా వేరుచేసే ధ్వనులు ఇంగ్లీషు పెద్దలకు సులభంగా అందవు. కనుక ‘జీరో’ను ‘జీతం’లోని జకారంతో పలికే పిల్లవాడు మందబుద్ధి కాడు. అతనికి కావలసినది మందలింపు కాదు, మళ్ళీ వినే అవకాశం.

వినికిడి విద్య మనకు కొత్తదా? గౌతమి ఒడ్డున ఉన్న కపిలేశ్వరపురంలో 1973లో శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల నెలకొన్నది. హరికథకు రాగతాళాలతోపాటు వాక్శుద్ధి ప్రాణం. ‘శివుడు’ అనవలసినచోట ‘సివుడు’ అంటే సభ సహించదు. ఆ శుద్ధి పుస్తకం చూచినంతలో అలవడేది కాదు. గురువు పలుకగా వినాలి, ఆ నోటిని గమనించాలి, పిమ్మట తాను పలకాలి. ఇంగ్లీషు హల్లులకు కూడా ఈ మూడు మెట్లే దారి.

మొదటి మెట్టుకు ఖర్చు లేదు. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద ‘ప్రైస్’ అనే మాటకు ఒకటి, ‘ప్రైజ్’ అనే మాటకు రెండు అని అంకెలు వేయాలి. ఒకటి ధర, రెండవది బహుమతి. నోటికి పుస్తకం అడ్డం పెట్టుకొని వాటిలో ఏదో ఒకటి పలకాలి. పిల్లలు ఒక వేలో, రెండు వేళ్ళో చూపాలి. వేళ్ళు తడబడకుండా లేచేవరకు పిల్లలను పలుకుమనరాదు.

తరువాతి మెట్లకు తాళపుచెవి మన వ్యాకరణంలోనే ఉన్నది. క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు అని బాలురు వల్లిస్తారు గదా! కంఠం మీద వ్రేళ్ళు ఆనించి చూస్తే ఆ భేదం తెలుస్తుంది: సరళంలో గొంతు మ్రోగుతుంది, పరుషంలో మ్రోగదు. మన సకారం స్థిరాలలో చేరినదే అయినా, దానికీ ‘జెడ్’ ధ్వనికీ ఉన్నది ఈ సంబంధమే. ‘స్‌స్‌స్’ అని సాగదీస్తూ గొంతు మ్రోగిస్తే తేనెటీగ రొద వంటి ‘జెడ్’ వస్తుంది. ‘జొన్న’లోని దంత్యజకారం దీనికి దగ్గరి చుట్టం. అందులో నాలుక కొన క్షణకాలం తాకి విడుతుంది. ఆ తాకుడు తీసివేస్తే చాలు.

‘ఫ్యాన్’ అనేటప్పుడు పైపళ్ళు క్రింది పెదవిని తాకుతాయి. అదే స్థితిలో గొంతు మ్రోగిస్తే ‘వీ’. ‘డబ్ల్యూ’కు పళ్ళతో పని లేదు, ‘ఊ’ అన్నట్లు పెదవులు గుండ్రంగా చుట్టి విడవాలి. ఒక చిన్న అద్దం ఉంటే పిల్లలే తమ తప్పు దిద్దుకొంటారు. ‘థిన్’, ‘దిస్’ అనే మాటల మొదటి హల్లులు కూడా ఇట్టి జంటయే. మన థ, ద లలో నాలుక గాలిని ఆపుతుంది; ఇంగ్లీషులో పళ్ళ సందున నిలిచి గాలిని పోనిస్తుంది.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాషను వారి నోటివెంటనే విని నేర్చుకొన్నారు. ఆ భాషను బోధించే గ్రంథాన్ని 1931లో ఇంగ్లీషులో వెలువరించారు. పరభాష ముందు చెవి యొగ్గి కూర్చోవడం పండితునికే చిన్నతనం కానప్పుడు, బాలునికి ఎందుకు కావాలి?

మన పిల్లలు ఇంగ్లీషువారివలె మాట్లాడనక్కరలేదు. తెలుగు యాస దోషం కాదు. ధర అడుగబోతే బహుమతి అడిగినట్లు వినబడకుంటే చాలు. అయితే ఒక జాగ్రత్త: హల్లు తప్పినందుకు తరగతి అంతా నవ్విన బిడ్డ మరునాడు నోరు విప్పడు. హల్లు నేడు కాకుంటే రేపు వస్తుంది. మూతబడిన నోటిని తెరిపించడం ఏ ఉపాధ్యాయునికీ సులభం కాదు.