ఆ ఆకలి తిండిపోతుతనం కాదు!

బొద్దుగా ఉన్న పిల్లలంటే మనకెంత ముద్దో! కొబ్బరి లవుజు ముక్కైనా చేతిలో పెట్టందే కోనసీమలో ఏ అమ్మమ్మా మనవణ్ణి గడప దాటనివ్వదు. కానీ కడుపునిండా తిన్న కాసేపటికే మళ్ళీ అన్నం కోసం ఏడ్చే పిల్లలు, పెట్టకపోతే గిన్నెలు వెతుక్కునే పిల్లలు అక్కడక్కడ ఉంటారు. ఒళ్ళు విపరీతంగా పెరిగిపోతుంటే ఇరుగుపొరుగు అనే మాట ఒక్కటే - "అంతా తల్లి గారాబం!"

ఆ మాట అన్నిసార్లూ నిజం కాదు. చాలామందికి ఒళ్ళు రావడానికి తిండి, కదలిక లేకపోవడమే కారణమైనా, కొద్దిమంది పిల్లల్లో తప్పు జన్యువుది.

"ఇక చాలు" అని మెదడుకు చెప్పేది లెప్టిన్ అనే హార్మోను. దాని జన్యువును 1994లో అమెరికాలో కనుగొన్నారు. అది పుట్టుకతోనే లోపించిన ఇద్దరు పిల్లల్ని 1997లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి వైద్యులు గుర్తించారు. వారిది దగ్గరి బంధువుల్లో పెళ్ళిళ్ళు చేసుకునే కుటుంబం. మేనరికాలున్న మన ఇళ్ళలో ఇది గుర్తుంచుకోవాలి. తల్లిదండ్రులిద్దరిలోనూ అదే లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

మరొకటి ప్రేడర్-విల్లీ జబ్బు. 1956లో స్విట్జర్లాండు వైద్యులు దీన్ని వివరించారు. పసితనంలో పాలు కూడా చప్పరించలేని బిడ్డకు, కొన్నేళ్ళకు తీరని ఆకలి మొదలవుతుంది. దీనికీ మేనరికానికీ సాధారణంగా సంబంధం లేదు.

మరి ఆపరేషన్ చేయిస్తే?

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అనే ఆపరేషన్‌లో జీర్ణాశయంలో సుమారు ముప్పాతిక భాగం తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా చేస్తారు. మామూలు స్థూలకాయంలో మంచి ఫలితమే ఇస్తుంది. కానీ లోపం మెదడుకు అందే కబురులో ఉంటే పొట్ట చిన్నదైనా ఆకలి తీరకపోవచ్చు, తగ్గిన బరువు మళ్ళీ పెరగవచ్చు. పైగా జీవితాంతం విటమిన్లు వాడాలి. లెప్టిన్ లోపమైతే కోతతో పని లేకుండా ఇంజెక్షన్లతోనే ఆకలి అదుపులోకి వస్తుందని 1999లోనే తేలింది.

అందుకే కత్తి కంటే ముందు పరీక్ష! ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. ఆయన అవసరమంటే హైదరాబాదు నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. జబ్బు పేరు తెలిశాకే ఆపరేషన్ మాట.

ఇంట్లో మీరు చేయగలిగినవి:

* వేళకే, కొలతగా వడ్డించండి. తినుబండారాల అలమారకు తాళం వేయండి. అది శిక్ష కాదు, వైద్యంలో భాగమే.
* బహుమతిగా మిఠాయి వద్దు. బామ్మ, తాతయ్యలకూ చెప్పి ఒప్పించండి.
* పదిమందిలో "తిండిపోతు" అని వెక్కిరించనివ్వకండి.

ఆకలి ఆ బిడ్డ తప్పు కాదు. మీ పెంపకం తప్పూ కాదు. డాక్టరు దగ్గరకు వెళ్ళడానికి మాత్రం ఆలస్యం చేయకండి.