చేసిన మేలును ఎరుగుట

వాల్మీకి మహర్షి నారదుని అడిగిన ప్రశ్న రామాయణ పాఠకులందరికీ పరిచితమే. ఈ లోకంలో ఇప్పుడు సకల సద్గుణ సంపన్నుడైన నరుడెవడు అని అడుగుతూ ఆయన పదహారు గుణాలను పేర్కొన్నారు. గుణవంతుడు, వీర్యవంతుడు, ధర్మజ్ఞుడు అన్న వెంటనే నాలుగవదిగా కృతజ్ఞుడు అన్నారు. సత్యవాక్యం, దృఢవ్రతం దాని తరువాతనే వచ్చాయి. వరుసను బట్టి గుణాల పెద్దరికం నిర్ణయించవచ్చునా అన్న చర్చ జోలికి నేను పోను. ధర్మజ్ఞుని పక్కనే కృతజ్ఞుడు నిలిచాడన్నది నాకు చాలును.

ఈ పదాన్ని కొంచెం విప్పి చూద్దాం. ‘కృతం’ అంటే చేయబడినది. ‘జ్ఞ’ అంటే ఎరిగినవాడు. తనకు జరిగిన మేలును ఎరిగినవాడు కృతజ్ఞుడు. మేలు పొంది ఒక మాట చెప్పినవాడని ఈ పదానికి అర్థం లేదు. దీనికి ఎదురుగా నిలిచే పదం కృతఘ్నుడు. ‘ఘ్న’ అంటే చంపేవాడు. మేలు మరచినవానిని మన పూర్వులు మతిమరుపువాడని సరిపెట్టలేదు, హంతకుల జాబితాలో చేర్చారు. వాలివధానంతరం రాజ్యం పొంది, వానకాలం గడచినా సీతాన్వేషణకు కదలని సుగ్రీవునితో లక్ష్మణుడు చెప్పిన మాట ఇదే: ఘోరపాతకాలకు సైతం ప్రాయశ్చిత్తం విధింపబడింది గాని, కృతఘ్నునికి మాత్రం లేదు.

అయితే, మేలు ఎరిగినవాడు ఏమి చేయాలి? తిరిగి ఇచ్చివేయాలి అని మనకు వెంటనే తోస్తుంది. ఇక్కడనే శ్రీరామచంద్రుడు హనుమంతునితో అన్న ఒక మాటను దాతలు, యాత్రికులు ఇరువురూ నిదానంగా ఆలోచించాలి. సీతమ్మ జాడ తెలిపిన నాడు, ఇందుకు తగిన ప్రతిఫలం తన వద్ద లేదని చింతించి, రాముడు హనుమను గాఢంగా ఆలింగనం చేసుకొన్నాడు. తరువాత ఉత్తరకాండలో, పట్టాభిషేకానంతరం హనుమను సాగనంపే వేళ అన్నమాట మరీ లోతైనది. నీవు చేసిన ఉపకారం నాలోనే జీర్ణమైపోవాలి, దానికి బదులు చేసే అవసరం నాకు రాకూడదు అన్నాడు. ఏమి కారణం? ప్రత్యుపకారం ఆపదలో ఉన్నవానికే కదా చేస్తాము. ఋణం తీర్చాలని తహతహలాడేవాడు, తెలియకయే, తన ఉపకారికి ఒక ఆపద రావాలని కోరుకొంటున్నాడు. పాఠం చెప్పిన ఇన్నేళ్లలో ఈ శ్లోకం వద్దకు వచ్చినప్పుడల్లా నేను పుస్తకం మూసి కాసేపు కూర్చునేవాడిని. విద్యార్థులు నేను అలసిపోయాననుకొనేవారు.

మేలు లోపలనే ఇంకిపోవాలంటే మరచిపొమ్మని కాదు. తిన్న అన్నం జీర్ణమై ఒంటి బలంగా మారినట్లు, పొందిన మేలు మన నడవడిగా మారాలని భావం. తైత్తిరీయ సంహిత చెప్పిన మూడు ఋణాలను చూడండి. ఋషిఋణం బ్రహ్మచర్యంతో, అంటే వేదాధ్యయనంతో, తీరుతుంది. దేవఋణం యజ్ఞంతో, పితృఋణం సంతానంతో తీరుతాయి. మన తల్లిదండ్రులు మనకు జన్మనిచ్చారు. మనం వారికి తిరిగి జన్మనీయలేము, మన పిల్లలను పెంచగలము. గురువుకు విద్య తిరిగి ఈయలేము, శిష్యునికి ఈయగలము. ఋణం వెనుకకు కాక ముందుకు ప్రవహిస్తుంది.

నా చదువు వారాల భోజనంతో సాగింది. ఈ తరంవారికి చెప్పాలంటే, పేద విద్యార్థికి ఊరిలో ఏడు ఇళ్లవారు వారానికి ఒక్కొక్క రోజు అన్నం పెట్టేవారు. నాకు శనివారం వచ్చిన ఇంటివారు ఆ రోజు ఒంటిపూట ఉండేవారు. రాత్రి పొయ్యి వెలిగించే పని లేదు. అయినా పిల్లవాడు వస్తాడని ఆ ఇల్లాలు గుప్పెడు బియ్యం వండి, చారు కాచి, విస్తరి వేసి, తాము తినకుండా దగ్గర కూర్చుని వడ్డించేది. నాకు ఉద్యోగమైన తొలి నెలలో ఒక చీర తీసుకొని వెళ్లాను. ఆమె కళ్లకద్దుకొని తీసుకొన్నది. తరువాత, “దీనితో బాకీ తీరిందనుకోకు నాయనా, నీ గడపకు వచ్చిన పిల్లవాడికి ఒక వారం ఇయ్యి” అన్నది. ఆమె ఉత్తరకాండ చదివి ఉండదు. మా ఇంట చాలా ఏళ్లు ఇద్దరు పిల్లలకు వారాలు జరిగాయి.

దాతలకు ఒక విన్నపం. పేరు రాతిమీద చెక్కించుకోవడం దోషమని కొందరు అంటారు, నాకు అలా తోచదు. మన దేవాలయ శాసనాలన్నీ అటువంటి పేర్లే. కాని ద్రాక్షారామ శాసనాలను శ్రద్ధగా చూడండి. అఖండదీపానికి పశువులనో గొఱ్ఱెలనో సమర్పించిన దాత పేరుతోపాటు, వాటిని చేపట్టి నిత్యం మానెడు నేయి పోయవలసిన బోయ పేరు కూడా అక్కడ కనిపిస్తుంది. ఇచ్చినవాడు ఒకడు, దీపం ఆరకుండా చూచినవాడు మరొకడు. శిల ఇద్దరినీ ఎరుగును. నేటి అన్నదాన ఫలకాలపై వంటశాలవారి పేర్లు ఎందుకు ఉండరాదు?

యాత్రికులు చేయదగినదీ కష్టమైనది కాదు. భోజనం ముగించి ‘అన్నదాతా సుఖీభవ’ అనడం మన ఆచారం. కృతజ్ఞతగా మనకున్నది చాలాకాలంగా ఈ ఆశీర్వాదమే. దానిని గోడమీద పేరు చూచి కాక, వడ్డించే మనిషి ముఖం చూచి అనండి. విస్తళ్లు ఎత్తేవారికి కూడా వినపడేట్లు అనండి.

ఇంటిలోనూ మన పెద్దలు ఎన్నో ఏర్పాట్లు చేసి ఉంచారు. నిద్ర లేచి కాలు మోపే ముందు భూదేవిని క్షమాపణ వేడడం, కనుమనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులద్ది, ముద్ద తినిపించడం, దసరాలో పనిముట్లకు పూజ చేయడం మీరెరిగినవే. తర్పణ విధిలోని ఒక చిన్న అంగాన్ని మాత్రం చెప్పి ముగిస్తాను. తండ్రి తాతలకు, పేరు గోత్రం తెలిసిన వారందరికీ నీరు విడిచాక, చివర తడిబట్ట కొసను పిండి ఆ నీటిని నేలపై విడుస్తారు. దానిని వస్త్రనిష్పీడనం అంటారు. మన కులంలో పుట్టి, సంతానం లేక గతించి, నీరు విడిచే దిక్కు లేనివారికి ఆ నీరు. వారిలో మనకెవరు ఏమి చేసి పోయారో లెక్క లేదు. పేరు చెప్పనక్కరలేదు, బట్టను గట్టిగా పిండితే చాలును.