పిల్లరాజు పీనుగును మోసిన ఊరోడు

రాజుల సినిమా అంటే కత్తులు, గుర్రాలే ఉంటయనుకొని కూసున్న. తీరా చూస్తే నా మనసుల నిలిచిపోయింది ఒక ఊరి పెద్ద. జాంగ్ హంగ్‌జూన్ తీసిన కొరియా సినిమా 'ది కింగ్స్ వార్డెన్' గురించే చెప్తున్న. ఊరి పెద్దగ యూ హేజిన్, పిల్లరాజుగ పార్క్ జీహూన్ చేసిండ్రు.

సినిమా సమజ్ కావాల్నంటే అసలు కథ తెల్వాలె. కొరియా లిపిని తయారుచేయించిన సేజోంగ్ రాజు మనుమడే ఈ దాన్‌జోంగ్. 1452ల తండ్రి సచ్చిపోతే గద్దెనెక్కిండు. అప్పటికి పన్నెండేండ్లు కూడా నిండలే. తెల్లారి ఏడాదే చిన్నాయిన సుయాంగ్ పెద్ద మంత్రులను చంపించి పెత్తనం గుంజుకుండు. 1455ల గద్దె కూడా తీసుకొని సేజో రాజయిండు. పిలగాన్ని మళ్లా రాజును చేద్దామని చూసినోళ్లను 1456ల చంపిండ్రు. 1457ల పిలగాన్ని యోంగ్‌వోల్ కొండలకు పంపిండ్రు. అక్కడ చోంగ్‌న్యోంగ్‌పో అనే జాగకు మూడు దిక్కుల ఏరు, వెనుక నిట్టనిలువు గుట్ట. జైలు గోడలతోని పనే లేదు.

అదే ఏడాది ఆయన పానం పోయింది. అప్పటికి పదహారేండ్లు. రాజుగారి దస్తావేజుల ఉరేసుకుండని రాసిండ్రు. జనం మాత్రం చంపించిండ్రనే చెప్పుకున్నరు. పీనుగును ముట్టుకుంటే వంశం మొత్తాన్ని లేపేస్తరని అందరికీ భయం. అప్పుడు ఓమ్ హుంగ్‌దో అనే స్థానిక కచేరి ఉద్యోగి పీనుగును తీస్కపోయి గుట్టల పాతిపెట్టిండు. ఆయననే సినిమాల ఊరి పెద్దను చేసిండ్రు.

నాకు నచ్చింది ఏందంటే, సినిమా ఆయన్ను మొదట్నే దేవున్ని చెయ్యలే. రాజధాని నుంచి వెళ్లగొట్టిన పెద్దమనిషి మా ఊరికొస్తే మాకింత లాభమైతదని ఆశపడే మామూలు మనిషి ఆయన. కలిసి బతికినంక రాజు పోయి, ఆకలైతున్న పిలగాడు కండ్ల ముందట కనవడ్డడు. ధైర్యం ఆడికెల్లి వచ్చింది.

సేజో వంశపోళ్లే రాజ్యమేలిండ్రు. దాన్‌జోంగ్‌కు రాజు అన్న పేరు కూడా లేకుండ చేసిండ్రు. మళ్లా ఆ పేరు ఇచ్చింది 1698ల, సుక్‌జోంగ్ రాజు. అంటే 241 ఏండ్లు. అప్పటిదాంక ఆ పిలగాన్ని యాదికుంచుకున్నది జనమే. తేబేక్ గుట్టకు ఆయనే దేవుడైండని మొక్కుతరు కూడా.

జోసన్ రాజుల సమాధులు చానమట్టుకు సియోల్ సుట్టుముట్టే ఉంటయి. 2009ల యునెస్కో గుర్తించిన వాటిల దాన్‌జోంగ్ సమాధి ఒక్కటి మాత్రం దూరంగ యోంగ్‌వోల్ కొండలల్ల ఉన్నది. ఎందుకంటే ఓమ్ హుంగ్‌దో పాతిపెట్టింది అక్కడ్నే.