పాలసీసాను ఎన్నాళ్ళు ఉడకబెట్టాలి?

"బిడ్డకు ఆరు నెలలు నిండాయి. ఇంకా రోజూ పాలసీసా ఉడకబెట్టాల్నా?" టీకాల రోజున తల్లులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. పక్కింటి ఆమె మూడో నెలకే మానేశానంటుంది. ఇంట్లో అవ్వ "మా కాలంలో ఇవేవీ లేవు, మీరంతా పెరగలేదా?" అంటుంది. ఎవరి మాట వినాలో తెలియక చిన్న వయసు తల్లులు సతమతమవుతారు.

ముందుగా జవాబు చెప్పుకుందాం. మన కర్నూలు, కడప ప్రాంతాలలో బిడ్డకు సంవత్సరం నిండే వరకు పాలసీసాను, పాలపీకను ఉడకబెట్టడం మంచిది. అందులోనూ మొదటి మూడు నెలలు ఒక్క పూట కూడా మానరాదు. సంవత్సరం నిండిన తర్వాత ఉడకబెట్టడం ఆపవచ్చు. కానీ సబ్బుతో శుభ్రంగా కడగడం మాత్రం ఎప్పటికీ ఆపరాదు.

బిడ్డకు మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అవసరం లేదు. ఆ తర్వాత మెత్తని ఆహారంతో పాటు రెండేళ్ళు, ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వవచ్చు. తల్లి పాలకు ఏ సీసా అక్కరలేదు, ఏ పొయ్యీ అక్కరలేదు. తల్లి దూరమైనందువల్లో, జబ్బువల్లో, డాక్టరు సలహా మీదనో పోతపాలు పట్టక తప్పని వారి కోసమే ఈ వివరాలు.

ఎందుకు ఉడకబెట్టాలి?

పాలు బిడ్డకు ఎంత బలమో క్రిములకూ అంతే బలం. సీసా అడుగున, మూత మరలో, పాలపీక రంధ్రంలో మిగిలిన పాలచుక్క చాలు, అవి పెరగడానికి. తగిన వేడి దొరికితే కొన్ని రకాల క్రిములు ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపు అవుతాయి. ఆ లెక్కన ఒక్క క్రిమి ఏడు గంటలలో 20 లక్షలు దాటుతుంది. 42 డిగ్రీలు దాటే మన ఎండాకాలంలో రాత్రి పాలు పట్టి పక్కన పెట్టిన సీసా తెల్లవారేసరికి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పెద్దవారి కడుపులో ఊరే ఆమ్లం చాలా క్రిములను చంపేస్తుంది. నెలల బిడ్డ కడుపులో ఆ ఆమ్లం బలహీనంగా ఉంటుంది. రోగాన్ని ఎదిరించే శక్తి కూడా ఇంకా పూర్తిగా రాదు. అందుకే మనకు కడుపునొప్పితో పోయేది బిడ్డకు విరేచనాలై, ఒంట్లో నీరు తగ్గి, ప్రాణం మీదకు వస్తుంది.

ఒక్కొక్కరు ఒక్కో మాట ఎందుకు చెబుతారు?

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ రెండు నెలల లోపు పిల్లలకు, నెలలు నిండకుండా పుట్టినవారికి, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారికి రోజుకు ఒకసారి ఉడకబెట్టమంటుంది. ఇతర పిల్లలకు బాగా కడిగితే సరిపోవచ్చునంటుంది. బ్రిటన్ ఆరోగ్య శాఖ కనీసం 12 నెలలు చేయమంటుంది. రెండూ చదువుకున్న దేశాలే, మరి ఈ తేడా ఏమిటి?

రెండు నెలల మాట వెనుక కొన్ని ఏర్పాట్లు ఉన్నాయి. శుద్ధి చేసిన నీరు కుళాయిలో రాత్రింబగళ్ళు రావాలి. కడిగేందుకు వేడినీళ్ళు ఎప్పుడూ ఉండాలి. పాలు దాచడానికి ఫ్రిజ్ ఉండాలి. మన ఊళ్ళలో చాలా చోట్ల నీళ్ళు రోజూ రావు. వచ్చిన నీటిని డ్రమ్ముల్లో, బిందెల్లో పట్టి రెండు మూడు రోజులు వాడుకుంటాం. అందులో ఎన్నో చేతులు, ఎన్నో చెంబులు మునుగుతాయి. కనుక అమెరికాలో ఉన్న బంధువులు ఫోనులో చెప్పిన గడువును మనం ఇక్కడ పాటించరాదు.

"నేల మీది బొమ్మను నోట్లో పెట్టుకుంటాడు కదా?"

ఇది చాలా మంచి ప్రశ్న. పాకే బిడ్డ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. అలాంటప్పుడు సీసా ఒక్కటి ఉడికించి లాభమేమిటని అనిపిస్తుంది. బొమ్మ మీద ఉండేవి కొద్ది క్రిములు. పొడి బొమ్మ మీద అవి పెద్దగా పెరగవు. సీసాలో పాలు, తడి, వెచ్చదనం మూడూ ఉంటాయి కాబట్టి కొద్ది క్రిములు లక్షలవుతాయి. బిడ్డ కొద్ది క్రిములను తట్టుకోగలడు, లక్షలను తట్టుకోలేడు.

ఎలా ఉడకబెట్టాలి?

1. పాలు తాగించిన వెంటనే మిగిలినవి పారబోసి, సీసా, పాలపీక, మూత విడదీయండి. చల్లటి నీటితో ఒకసారి తొలచండి.

2. చేతులు సబ్బుతో కడుక్కొని, వేడినీళ్ళు, సబ్బు, సీసా కోసమే ఉంచిన బ్రష్షుతో రుద్దండి. పాలపీకను తిరగదీసి లోపల కడగండి. కడగకుండా ఉడికిస్తే పాలు గోడలకు అంటుకుని గట్టిపడతాయి. దాని కింద క్రిములు దాక్కుంటాయి.

3. వెడల్పాటి గిన్నెలో అన్నిటినీ పూర్తిగా ముంచండి. లోపల గాలి బుడగలు ఉండరాదు. మూతపెట్టి, నీళ్ళు తెర్లడం మొదలైన దగ్గర నుంచి 10 నిమిషాలు మరగనివ్వండి.

4. వాడే వరకు అదే గిన్నెలో మూత తీయకుండా ఉంచండి. తీసేటప్పుడు చేతులు కడుక్కోండి. చీర కొంగుతో, తువ్వాలుతో తుడవకండి. అప్పటిదాకా చేసిన పని అంతా వృథా అవుతుంది.

5. పాలపీక మెత్తబడినా, జిగురుగా మారినా, చీలినా పారేయండి. గీతలు పడిన ప్లాస్టిక్ సీసానూ మార్చండి. కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. వెడల్పు మూతి ఉన్నది కడగడానికి సులభం.

పాలపొడి సంగతి

సీసాను ఎంత ఉడికించినా, పాలపొడిలోనే క్రిములు ఉండవచ్చు. డబ్బా సీలు వేసి ఉన్నా పాలపొడి క్రిమిరహితమైనది కాదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఒక సూచన ఇచ్చింది. పాలపొడిని 70 డిగ్రీలకు తగ్గని నీటిలో కలపాలి. ఇంట్లో థర్మామీటరు లేకపోతే, మరిగించిన నీటిని మూతపెట్టి అరగంట లోపలే వాడండి. కలిపిన తర్వాత సీసాను చల్లటి నీళ్ళ గిన్నెలో ఉంచి ఆరబెట్టి, మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసి చూసి పట్టండి.

ఏ పూటకు ఆ పూటే కలపండి. బిడ్డ తాగగా మిగిలిన పాలను మళ్ళీ పట్టరాదు. పొడి ఎక్కువ రోజులు రావాలని నీళ్ళు ఎక్కువ పోయరాదు. పలుచని పాలతో బిడ్డ కడుపు నిండినట్టే ఉంటుంది కానీ ఒళ్ళు పెరగదు.

మన నీళ్ళతో రెండు చిక్కులు

మొదటిది ఉప్పు నీళ్ళు. బోరు నీటితో ఉడికిస్తే సీసాకు తెల్లటి పొర పడుతుంది. అది విషం కాదు కానీ గరుకుగా ఉండి పాలను పట్టి ఉంచుతుంది. నిమ్మరసం కలిపిన నీటిలో కాసేపు నానబెట్టి రుద్దితే పోతుంది.

రెండవది ఫ్లోరైడ్. రాయలసీమలో కొన్ని గ్రామాల బోరు నీటిలో ఇది ఎక్కువగా ఉంటుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అలాంటి ఊళ్ళలో పాలు కలపడానికి శుద్ధిచేసిన నీటిని తెచ్చుకోవాలి. అయితే క్యాను నీళ్ళు క్రిమిరహితమని అనుకోవద్దు. బిడ్డకైతే వాటిని కూడా మరిగించాల్సిందే.

మానిన తర్వాత మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

బిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఊళ్ళో అతిసారం వ్యాపించినప్పుడు, సీసా చాలా రోజులు వాడకుండా ఉంచినప్పుడు మళ్ళీ ఉడకబెట్టండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, తక్కువ బరువుతో ఉన్న బిడ్డకు, పెద్ద జబ్బుకు మందులు వాడుతున్న బిడ్డకు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

వరదల తర్వాత మరీ జాగ్రత్త. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, అప్పటి కడప జిల్లాలో రాజంపేట ప్రాంతపు పల్లెలు కొట్టుకుపోయాయి. అటువంటప్పుడు మురుగు, మంచినీళ్ళు కలిసిపోతాయి. వరద నీరు తగిలిన పాలపీకలను, తెరచిన పాలడబ్బాను పారేయాలి. తల్లిపాలు ఇచ్చే తల్లికి ఎవరైనా సాయంగా పాలడబ్బా ఇస్తే తీసుకుని తల్లిపాలు మాన్పించకండి. ఆ సమయంలో తల్లిపాలే బిడ్డకు పెద్ద రక్ష.

ఉడకబెట్టే వీలు లేకపోతే?

కర్నూలు పడమటి పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు సుగ్గికి గుంటూరు వైపు పోతాయి. మిరప చేలలో, గుడిసెలలో ఉంటూ రోజూ సీసా ఉడికించడం కష్టం. కట్టెలు తేవాలి, నీళ్ళు మోయాలి. వీరు సీసా జోలికి పోకపోవడమే మేలు. మన పెద్దలు వాడిన ఉగ్గుగిన్నె, లేదా స్టీలు గ్లాసు, చెంచా చాలు. వీటికి మర లేదు, రంధ్రం లేదు, పాలు దాక్కునే సందు లేదు. సబ్బుతో తోమి మరిగే నీరు పోస్తే తేలికగా శుభ్రపడతాయి. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గ్లాసు అంచు కింది పెదవికి ఆనించి, తానే జుర్రుకునేలా చేయండి. నోట్లో పోయకండి.

ఈ కారణం వల్లనే వైద్యులు సీసా కంటే గిన్నెనే ఇష్టపడతారు. మన దేశంలో 1992లో వచ్చి 2003లో సవరించిన చట్టం ప్రకారం పాలసీసాలకు, డబ్బా పాలకు ప్రకటనలు ఇవ్వడం నేరం.

ఏడాది నిండాక సీసానే మాన్పించండి

ఆరో నెల నుంచి గ్లాసుతో తాగడం అలవాటు చేస్తే సంవత్సరానికి సీసా అవసరం తీరిపోతుంది. రెండు మూడేళ్ళు సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకు ముందు పళ్ళు పుచ్చిపోతాయి. పాలతోనే కడుపు నింపుకుని అన్నం తినరు, రక్తం తగ్గుతుంది.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు

విరేచనాలతో పాటు కళ్ళు లోతుకు పోవడం, మాడు గుంట పడటం, ఒంటికి తక్కువగా పోయడం, పాలు తాగలేకపోవడం, తాగినదంతా కక్కడం, మలంలో రక్తం, మత్తుగా పడి ఉండటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకండి, 108కి ఫోను చేయండి. దారిలో తల్లిపాలు, ఓ.ఆర్.ఎస్. ఆపవద్దు. నీళ్ళ విరేచనాలకు జింకు మందు 14 రోజులు ఇస్తారు. విరేచనాలు తగ్గినా మధ్యలో మానకండి. 6, 10, 14 వారాలకు వేసే రోటావైరస్ చుక్కల మందు కూడా తప్పక వేయించండి.

పది నిమిషాల మంట, ఒక గిన్నె నీళ్ళు, ఒక సబ్బు ముక్క. బిడ్డకు ఏడాది నిండేదాకా ఇంటిల్లిపాదీ ఈ పనిని తల్లి ఒక్కదాని మీదే వేయక పంచుకుంటే, విరేచనాలతో ఆసుపత్రి మెట్లు ఎక్కే పని చాలావరకు తప్పుతుంది.