పని పేరు – ఫలితం పేరు

బడి మెట్లెక్కని వృద్ధురాలు సైతం “పట్నంలో పెద్ద పెద్ద బిల్డింగులు లేచాయి” అంటుంది. “ఈ వారంలో రెండు మీటింగులు జరిగాయి” అని రైతు చెబుతాడు. కాని “మా అబ్బాయి చెరువులో నాలుగు స్విమ్మింగులు చేశాడు” అని ఎవరూ అనరు. ఈ మూడు పదాల చివర ఉన్నది ఒకే ‘ఇంగ్’ ప్రత్యయం. మొదటి రెండింటికి బహువచన ప్రత్యయమైన ‘లు’ చేరింది, మూడవదానికి చేరలేదు. ఇంగ్లీషు వ్యాకరణం చదవనివారు కూడా ఈ భేదాన్ని పొరపాటు లేకుండా పాటిస్తున్నారు. ఇందుకు కారణమేమిటో తెలుసుకొంటే ఇంగ్లీషు రచనలోను, అనువాదంలోను ఎదురయ్యే అనేక సందేహాలు తీరుతాయి.

పాత ఇంగ్లీషులో క్రియ నుండి నామాన్ని కల్పించే ప్రత్యయం వేరు, క్రియాజన్య విశేషణాన్ని కల్పించే ప్రత్యయం వేరు. మధ్యయుగాలలో ఈ రెండూ క్రమంగా కలిసిపోయి ‘ఇంగ్’ అనే ఒకే రూపం నిలిచింది. అందువల్ల నేటి ఇంగ్లీషులో ఒకే పదం పలు విధులు నిర్వహిస్తుంది. ‘పెయింటింగ్’ అంటే రంగులు వేయడమనే పని. ఆ పని పూర్తయిన తరువాత గోడకు వేలాడే చిత్రం కూడా ‘పెయింటింగ్’ అనే పిలువబడుతుంది. పనికి పేరుగా ఉన్నప్పుడు ఆ పదం సాధారణంగా ఏకవచనంలోనే ఉంటుంది. ఫలితానికి, వస్తువుకు లేదా విడివిడిగా లెక్కించదగిన సంఘటనకు పేరైనప్పుడు బహువచనాన్ని పొందుతుంది. ‘బిల్డింగ్స్’ వస్తువులు; ‘డ్రాయింగ్స్’ ఫలితాలు; ‘మీటింగ్స్’ సంఘటనలు. స్విమ్మింగ్ మాత్రం పనిగానే మిగిలిపోయింది.

తెలుగులో ఈ భేదం మరింత స్పష్టం. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణంలో, క్రియల నుండి పుట్టే ఇట్టి పదాలను వివరించడానికి కృదంత పరిచ్ఛేదం ఉన్నది. గ్రాంథికంలోని ‘కోయుట’, వ్యవహారంలోని ‘కోయడం’, తెలంగాణ పలుకుబడిలోని ‘కోసుడు’ పనిని తెలుపుతాయి. ‘కోత’ అన్నప్పుడు ఆ పని ఒక విషయంగా రూపుకడుతుంది. కనుకనే ‘విద్యుత్ కోతలు’ అంటాము. అట్లే రాయడం – రాతలు, చదవడం – చదువులు, కూడడం – కూడికలు. ఇంగ్లీషు ఒకే రూపంతో నెరవేర్చే రెండు పనులను తెలుగు రెండు రూపాలకు పంచి ఇచ్చింది.

ఈ పోలిక నుండి ఒక పరీక్ష లభిస్తుంది. ‘పాఠాన్ని త్వరగా చదవడం’ అనే మాటలో చదవడానికి కర్మ ఉన్నది. ‘త్వరగా’ అనే క్రియావిశేషణమూ ఉన్నది. దానిలో క్రియాలక్షణం చావలేదు. ‘పెద్ద చదువులు’ అన్నప్పుడు నామానికి ఉండే విశేషణం వచ్చింది. ఇంగ్లీషులోనూ ఇంతే. ‘పెయింటింగ్ ద వాల్’ అన్నచోట ‘వాల్’ నేరుగా కర్మగా నిలిచింది కనుక అక్కడ ‘పెయింటింగ్స్’ అనడం పొసగదు. ‘ఓల్డ్ పెయింటింగ్స్’ అన్నచోట పొసగుతుంది. ముందు సంఖ్యావాచకాన్ని చేర్చి చూడటం మరొక పరీక్ష. ‘టూ మీటింగ్స్’ నిలుస్తుంది. ‘టూ స్విమ్మింగ్స్’ నిలువదు.

అయితే పని కూడా పదేపదే జరిగినప్పుడు బహువచనంలో కనిపించవచ్చు. “ఈ అలగడాలు, బతిమాలడాలు ఎన్నాళ్లు?” అని ఇంట్లో పెద్దలు విసుక్కొంటారు. ఇంగ్లీషులో ‘కమింగ్స్ అండ్ గోయింగ్స్’ అనే జంటపదం ఇట్టిదే. దానికి సరియైన తెలుగు మాట ‘రాకపోకలు’, అదీ బహువచనమే. ఇక్కడ లెక్కకు వచ్చినది జరిగిన తడవలే.

తెలుగులో పాలు, నీళ్లు, వడ్లు నిత్య బహువచనాలు. ఇంగ్లీషులో ‘సరౌండింగ్స్’, ‘బిలాంగింగ్స్’, ‘ఎర్నింగ్స్’ ఆయా అర్థాలలో బహువచనంగానే వాడుకలో ఉన్నాయి. విద్యార్థులు తరచుగా పొరబడేది ఇక్కడే. ‘పరిసరాలు’ వలె ‘సరౌండింగ్స్’ బహువచనమే. కాని ‘సంపాదన పెరిగింది’ అని తెలుగులో ఏకవచనం వాడే చోట, ‘ఎర్నింగ్స్’కు ఇంగ్లీషులో బహువచన క్రియ రావాలి. ‘దుస్తులు’ బహువచనం, ‘క్లోతింగ్’ ఏకవచనం. వచనం విషయంలో ఏ భాష సంప్రదాయం ఆ భాషదే.

చివర ‘ఇంగ్’ వినిపించినంత మాత్రాన ప్రతి పదమూ క్రియ నుండి పుట్టినదని భావించరాదు. ‘కింగ్’, ‘థింగ్’ వంటివి సహజ నామాలు. వాటికి ఈ విచారణతో పనిలేదు. సాధారణ నామాల వలెనే బహువచనం వస్తుంది.

వచనం తెలిస్తే అర్థం తెలుస్తుంది. ‘హియరింగ్’ అంటే వినికిడి శక్తి; న్యాయస్థానంలో జరిగే విచారణ కూడా ‘హియరింగే’. ఒక వార్తలో ‘త్రీ హియరింగ్స్’ అని ఉంటే, ఆ బహువచనమే అది శక్తి కాదని, మూడు విచారణలని చెబుతుంది. దానిని గమనించని అనువాదకుడు ‘మూడు వినికిడులు’ అని రాస్తే, న్యాయం కోసం మూడుసార్లు కోర్టు గడప ఎక్కిన మనిషి ఆ వాక్యంలో కనబడకుండా పోతాడు. ఒక్క ‘లు’ను విస్మరిస్తే ఇంత అర్థం మారుతుంది. కనుక ‘ఇంగ్’ పదం ఎదురైనప్పుడు అది పనికి పేరా, లేక పని మిగిల్చిన ఫలితానికి పేరా అని ముందుగా ప్రశ్నించుకోవాలి. ‘కోయడం’, ‘కోత’ అనే మాటల మధ్య భేదాన్ని ఊహ తెలిసిన నాటి నుండి పాటిస్తున్న తెలుగు విద్యార్థికి ఆ ప్రశ్నకు సమాధానం మాతృభాషలోనే సిద్ధంగా ఉన్నది.